అరటికాయ, జాతీయ భద్రత

దేశంలో మొట్టమొదటి కార్పొరేట్ ఉగ్రదాడి మన జిల్లాలోనే జరిగిందని పెట్టుబడుల ప్రోత్సాహక శాఖ మంత్రి నరసింగరావు గారు విజయనగరంలో విలేకరులకు ప్రకటించారు. వెనకబడిన ప్రాంతం అన్న పేరు ఇక మనకు ఉండదన్న తృప్తి ఆయన గొంతులో వినిపించింది.

"ఉగ్రవాదం అంటే బాంబులూ తుపాకులే అనుకునే రోజులు పోయాయి. ఇవాళ అరటికాయ వచ్చింది. రేపు సొరకాయ రావచ్చు. అన్ని కూరగాయలనూ ఎదుర్కోవడానికి ప్రభుత్వం సిద్ధంగా ఉంది," అన్నారు.

దాడి ఎవరి మీద జరిగిందని ఒక విలేకరి అడిగాడు. పెట్టుబడి మీద జరిగిందని, మధ్యలో యుగంధర్ గారి నుదురు అడ్డొచ్చిందని మంత్రిగారు వివరించారు. ఆ వాక్యాన్ని మర్నాడు పేపర్లో చదివి, ఇంత స్పష్టంగా ఆలోచించగల మనిషి రాజకీయాల్లోకి ఎలా వచ్చాడా అని నేను చాలాసేపు ఆశ్చర్యపడ్డాను. ఇంట్లో ఒంటరిగా ఉండేవాడికి ఇలాంటి ఆశ్చర్యాలకు తీరిక దొరుకుతుంది.

జరిగింది ఇది. గరివిడికి పది కిలోమీటర్ల అవతల మొగిలివలస అనే ఊరుంది. అక్కడి మెట్టపొలాల్లో మూడేళ్ళ కిందట శిఖర అల్లాయ్స్ అనే ఫ్యాక్టరీ లేచింది. గరివిడిలో అందరూ ఎరిగిన పాత ఫ్యాక్టరీతో దీనికి సంబంధం లేదు. మొగిలివలసలో ఏటా అసిరితల్లి పండగ చేస్తారు. పొడవాటి చింతమానును రథానికి కట్టి పైకి లేపుతారు. దాని చివర పూజారి కూర్మయ్య కూర్చుంటాడు. రథం వీధిలో కదులుతుంటే జనం ఆయన మీదికి అరటిపళ్ళు విసురుతారు. అది మొక్కు. విసిరేటప్పుడు ఎవరి కోసం మొక్కుకున్నారో వాళ్ళ పేరు, ఫలానా కష్టంలో మొక్కామన్న సంగతి గట్టిగా చెప్పాలి. పక్కనున్నవాళ్ళు ఆ పేరు అందుకుని పలుకుతారు. అలా పలికితేనే అమ్మవారికి వినబడుతుందని నమ్మకం.

ఈ ఏడు పండగ ఖర్చు కంపెనీ పెట్టుకుంది. అందుకని సీనియర్ వైస్ ప్రెసిడెంట్ యుగంధర్ గారు రథం మీద, మాను మొదట్లో, చేతులు జోడించి నిలబడ్డారు. కంపెనీ నియమం ప్రకారం ఆయన గేటు దాటి బయటికొస్తే తల మీద హెల్మెట్ ఉండాలి. ఫొటోలో బాగుండదని పబ్లిక్ రిలేషన్స్ మేనేజర్ అనూరాధ గారు ఆ పూటకు దాన్ని తీయించారు.

వేల పళ్ళు గాల్లో లేచాయి. కొన్ని కూర్మయ్యకు తగిలాయి. ఒకటి కానిస్టేబుల్ చెవికి తగిలింది, ఆయన దాన్ని కళ్ళకద్దుకుని తినేశాడు. అప్పుడు నాలుగు కాయల అత్తం ఒకటి, ఏ పేరూ లేకుండా, పైకి పోకుండా సూటిగా వచ్చింది. కూర అరటి. పచ్చిది. యుగంధర్ గారి ఎడమ కనుబొమ మీద మూడు కుట్లు పడ్డాయి.

విసిరినావిడ పారిపోలేదు. కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, పోలీసులు వచ్చేదాకా నిలబడింది. పేరు తవిటమ్మ.

అది కేవలం దెబ్బా, రాజకీయ ఉగ్రవాదమా తేల్చడానికి ముగ్గురితో అధ్యయన సంఘం వేశారు. డీఎస్పీ త్రినాథ్ గారు, బాధిత పక్షం తరఫున అనూరాధ గారు, మనస్తత్వ నిపుణుడిగా నేను. చీపురుపల్లిలో ముప్పై రెండేళ్ళు సైకాలజీ పాఠం చెప్పి రిటైరైన నన్ను అంతవరకూ ఎవరూ నిపుణుడు అనలేదు. పాఠం చెప్పేటప్పుడు పిల్లలు కూడా అనుకోలేదు. త్రినాథ్ గారు ఫోనులో ఆ మాట అనగానే నా వీపు దానంతట అది నిటారైంది. నన్ను నేను గమనించుకోవడం నాకు అలవాటు. గమనించాను. అయినా వీపును వంచలేదు.

సర్కారు కారు మా వీధిలోకి వచ్చినప్పుడు అవసరమైన దానికన్నా నెమ్మదిగా ఎక్కాను. ఎదురింటి వాళ్ళు బయటికి రావడానికి కొంత సమయం పడుతుంది.

మొదటి సమావేశంలో త్రినాథ్ గారు చట్టం చెప్పారు. కొట్టడం ఒక్కటే చాలదు. కొట్టినవాళ్ళ మనసులో ఒక రాజకీయ ఉద్దేశం ఉండాలి. ఉద్దేశం దొరికితే ఉగ్రవాదం, అప్పుడు తవిటమ్మకు ఏళ్ళ తరబడి బెయిలు రాదు. దొరక్కపోతే మామూలు దెబ్బ. ఆ ఉద్దేశం వెతికి తీయడం నా పని.

ఈలోగా ఆయనకు మరో చిక్కు వచ్చింది. ఆయుధాన్ని గుడ్డలో కట్టి, లక్క ముద్ర వేసి స్టేషన్ బీరువాలో పెట్టారు. మూడోరోజుకి అది పసుపు రంగు తిరగసాగింది.

"మెత్తబడిపోతన్నాది మాస్టారు," అన్నారు త్రినాథ్ గారు. శ్రీకాకుళం మనిషి, కంగారు పడితే ఇంటి మాట వచ్చేస్తుంది. "కోర్టుకెళ్ళీసరికి పండైపోతే, పండుతో కొట్టిందంటారు. పండుతో కొడితే మొక్కంటారు. నా కేసు ఏటైపోతాది?"

ఫ్రిజ్‌లో పెట్టమన్నాను. స్టేషన్లో ఫ్రిజ్ లేదు. కంపెనీ గెస్ట్ హౌస్ ఫ్రిజ్‌లో పెట్టడానికి అనూరాధ గారు ఒప్పుకున్నారు కానీ, బాధితుడి ఇంట్లో ఆయుధం దాచారని రేపు ఎవరైనా అంటారేమోనని ఆవిడకే సందేహం వచ్చింది. చివరికి ల్యాబ్‌కు పంపారు.

పూజారి కూర్మయ్యను పిలిపించి వాంగ్మూలం తీసుకున్నారు. ఇరవై రెండేళ్ళుగా పళ్ళ దెబ్బలు తింటున్న ఆయన, పండు తగిలితే పుణ్యమని, కాయ తగిలితే ఏమవుతుందో తనకు తెలియదని, తనకు ఇంతవరకూ ఎవరూ కాయ వెయ్యలేదని చెప్పాడు. ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆయన ముఖంలో కొద్దిగా అసూయ కనిపించింది. నేను దాన్ని నోట్సులో రాసుకున్నాను.

తవిటమ్మను సబ్‌జైల్లో కలిశాం. నలభై దాటిన మనిషి. ముంజేతుల మీద వరి ఊడ్పుల్లో పడ్డ గీతలు. బల్లకు ఇవతల ముగ్గురం, అవతల ఆవిడ. మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసి, ఎవరితో మాట్లాడాలో తేల్చుకున్నట్టు నా వైపు తిరిగింది. బహుశా నా కళ్ళజోడు వల్ల.

నేను చాలా ఓపిగ్గా, మనిషి మనసులో కోపం ఒకచోట పుట్టి మరోచోట బయటపడుతుందని, కొన్నిసార్లు మనం ఎవర్ని కొడుతున్నామో మనకే తెలియదని చెప్పాను.

"నాకు తెలుసు బాబూ. ఆ కంపినీ బాబునే కొట్టాను."

మరి పచ్చికాయ ఎందుకు తీసుకుందని అడిగాను.

"పండైతే సితికిపోతాది కదా. తగల్దు."

ముప్పై రెండేళ్ళ నా సైకాలజీకి ఇంత సూటి జవాబు ఎప్పుడూ రాలేదు. త్రినాథ్ గారు హుషారుగా పెన్ను తీశారు. ఉద్దేశం చెప్పమన్నారు. ఆవిడ చెప్పింది. ఎక్కడా గొంతు పెంచలేదు.

ఆవిడ భర్త దాలయ్య ఫ్యాక్టరీలో రెండో కొలిమి దగ్గర కాంట్రాక్టు పని చేసేవాడు. మాఘమాసంలో ఒక పొద్దున కొలిమి పొంగింది. కరిగిన లోహం మీద పడింది. ఆ మధ్యాహ్నానికి కంపెనీ కాగితాల్లో దాలయ్య కార్మికుడు కాకుండా పోయాడు. ఆ రోజు అతను ఫ్యాక్టరీ చూడటానికి వచ్చిన సందర్శకుడు. సందర్శకుల పుస్తకంలో అతని పేరు ఉంది. వచ్చిన పని అనే గడిలో 'ఆసక్తి' అని ఉంది. దాలయ్యకు చదువు రాదు. గేటు దగ్గర ఆ పుస్తకం చూపించి ఆవిడను పదకొండుసార్లు వెనక్కి పంపారు.

"మా ఆయన ఫేక్టరీ సూడ్డానికి ఎల్లాడట బాబూ. రెండేళ్ళు రోజూ ఎల్లిన ఫేక్టరీని," అని ఆగి, బల్ల మీదికి వంగింది. "ఒక పని సెయ్యండి. మా ఆయన పని సేస్తూ పోనాడని ఒక్క ముక్క రాయండి. నాను ఉగ్రవాదినని మీకు నచ్చినట్టు రాసుకోండి. రెండింటికీ ఏలిముద్ర ఏసేస్తాను."

త్రినాథ్ గారికి ఇంతకన్నా సంతోషం ఏముంటుంది. బేరం కుదిరిందన్నట్టు పుస్తకం మూశారు. అనూరాధ గారు మాత్రం అప్పటికే ఫోను చేతిలోకి తీసుకుని వరండాలోకి వెళ్ళారు.

బయట వేపచెట్టు కింద తవిటమ్మ అత్త గున్నమ్మ కూర్చుని ఉంది. కళ్ళలో శుక్లాలు. అడుగుల చప్పుడు వైపు ముఖం తిప్పి, లోపల ఏమైందని అడిగింది. విచారణ జరుగుతోందన్నాను.

"ఏటి ఇసారణ? అది కొట్టింది, ఆడు తిన్నాడు. మజ్జిన మీరేటి తింతన్నారు?"

కారెక్కాను. ఈసారి త్వరగా ఎక్కాను.

రెండో సమావేశం గెస్ట్ హౌస్‌లో జరిగింది. త్రినాథ్ గారు నివేదిక రాసుకొచ్చారు. 'కంపెనీ కార్మిక విధానం పట్ల తీవ్ర వ్యతిరేకతతో, పెట్టుబడిదారులను భయపెట్టే రాజకీయ ఉద్దేశంతో' అని గడగడా చదివారు.

అనూరాధ గారు ఏ విధానమని అడిగారు. దాలయ్య చావు అని ఆయన చెప్పారు. ఏ చావు అని ఆవిడ అడిగారు. కొలిమి దగ్గర జరిగిన ప్రమాదంలోనని ఆయన అన్నారు. ఏ ప్రమాదమని ఆవిడ అడిగారు. కంపెనీ మొదలైన రోజు నుంచి ప్రమాదరహిత దినాలు ఇన్ని అని గేటు మీద బోర్డు ఉందని, అది ఒక్కరోజు కూడా సున్నాకి తిరగలేదని గుర్తుచేశారు. ఉగ్రవాదమని రాస్తే ఉద్దేశం రాయాలి. ఉద్దేశం రాస్తే కొలిమి రాయాలి. కొలిమి కోర్టుకెక్కితే పేపర్లకెక్కుతుంది.

"పోనీ, మామూలు దెబ్బ అని రాసేస్తాను," అన్నారు త్రినాథ్ గారు.

"ఎందుకు కొట్టిందని జడ్జిగారు అడగరా?"

అడుగుతారు. ముగ్గురం టీ చల్లారేదాకా కూర్చున్నాం. ఉగ్రవాదానికి కారణం కావాలి. దెబ్బకు కారణం కావాలి. పిచ్చి అందామంటే పిచ్చికి కూడా కారణం అడుగుతారు, పైగా అది నా సబ్జెక్టు. మంత్రిగారు మాత్రం ఢిల్లీలో ఈ సంఘటన మీద ఒక సదస్సుకు వెళ్ళి ఉన్నారు, మధ్యమధ్యలో ఫోను చేసి ఉగ్రవాదం ఎంతవరకూ వచ్చిందని కనుక్కుంటున్నారు.

అప్పుడు నేను నోరు తెరిచాను. తవిటమ్మను కాపాడాలని తెరిచానని ఆ రాత్రంతా నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు జాగ్రత్తగా చూసుకుంటే, ఆ పూటంతా ఆ గదిలో నన్నెవరూ ఏమీ అడగలేదన్న బాధ కూడా ఉంది.

"కారణం ఎవరూ అడగని పని ఒకటుంది," అన్నాను. "మొక్కు."

అనూరాధ గారు కప్పు కింద పెట్టారు.

అదే సమయానికి ల్యాబ్ నివేదిక కూడా వచ్చింది. సీలు విప్పేసరికి లోపల ఉన్నవి మాగిన అరటిపళ్ళని, తినడానికి యోగ్యమైనవని, ఒకటి పరీక్షకు వాడామని అందులో ఉంది. శాస్త్రమూ సంప్రదాయమూ ఇలా ఒకే మాట మీదికి రావడం నా జీవితంలో అదే మొదటిసారి చూడటం.

మేం రాసిన నివేదిక చివరి పేరా నాదే, కాబట్టి నాకు కంఠతా వచ్చు. 'భక్తురాలు యుగంధర్ గారిలో అసిరితల్లిని దర్శించి, తనకు లభ్యమైన అరటిని సమర్పించినది. అభివృద్ధి ప్రదాతల పట్ల గ్రామీణులకు గల ఆరాధనాభావానికి ఇది నిదర్శనము. ఇట్టి సమర్పణను నేరముగా గాక ఆచారముగా పరిగణించవలెను.'

మంత్రిగారు ఒక పూట ఆలోచించారు. ఉగ్రవాదమని ప్రకటించిన నోటితోనే భక్తి అనడం ఎలాగన్నది ఆయన ముందున్న సమస్య. సాయంత్రానికి విలేకరులను పిలిచారు. ఉగ్రవాదాన్ని పద్నాలుగు రోజుల్లో భక్తిగా మార్చిన తొలి ప్రభుత్వం తమదేనన్నారు. తుపాకీ పేల్చకుండా ఈ పని ఏ దేశం చేసిందో చూపించమని సవాలు చేశారు. ఎవరూ చూపించలేకపోయారు. నివేదికను ప్రభుత్వం యథాతథంగా ఆమోదిస్తూ ఉత్తర్వు కూడా ఇచ్చేసింది.

ఆ ఉత్తర్వు పట్టుకుని నేనే సబ్‌జైలుకు వెళ్ళాను. మంచి వార్త చెప్పే అవకాశం నాకు తక్కువగా వస్తుంది. కేసు లేదని, కింద వేలిముద్ర వేసి ఇంటికి వెళ్ళిపోవచ్చని తవిటమ్మకు చెప్పాను. ఏం రాశారో చదవమంది. చదివాను.

ఆవిడ నా చేతిలోని కాగితం వైపు వేలు చూపించింది.

"నాను మొక్కనేదు బాబూ. కొట్టాను. ఆ ఒక్క పనీ నా సేతుల్తో సేసుకున్నాను. దాన్నీ మీరే తీసేసుకుంతన్నారా?"

కాదంటే ఉగ్రవాదమవుతుందని, లోపలే ఉండిపోవాలని చెప్పాను. దాలయ్య మాట ఇందులో రాశారా అని అడిగింది. లేదన్నాను. అయితే వెయ్యనంది. వేలు కొంగులో చుట్టుకుంది. నేను నేల వైపు చూశాను. సైకాలజీలో దీనికొక పేరుంది, ఆ సమయానికి గుర్తురాలేదు.

బయట కూర్చున్న గున్నమ్మను లోపలికి పంపమని అడిగాను. ముసలావిడ గోడ పట్టుకుని వచ్చి, కోడలి పక్కన కూర్చుని, కాగితాన్ని తాకి చూసింది.

"మల్లీ సదువు నాయినా. నెమ్మదిగా."

చదివాను. ఆచారముగా పరిగణించవలెను అన్నచోట ఆపమంది.

"అంటే, ఆ బాబు మీదకి అరటికాయి ఇసరడం తప్పు కాదనీసి గవర్మెంటే రాసిందా?"

"అవును."

"ఇది ఒక్కర్తే ఇసరాలనా, ఎవులైనా ఇసరొచ్చా?"

నివేదిక భాష అందరికీ వర్తించేలా ఉందని, భక్తురాలి పేరు ప్రత్యేకించి లేదని చెప్పాను. నా వాక్యనిర్మాణం గురించి ఒకరు అడగడం నాకు బాగా అనిపించింది.

"స్టాంపు ఉన్నాదా?"

"ఉంది. గుండ్రటిది."

గున్నమ్మ కోడలి వేలు కొంగులోంచి విడదీసి సిరా డబ్బాలో అద్దింది. "ఎయ్యే. గేదెకి గడ్డి కోసీవోలు ఇంట్లో నేరు," అంది. తర్వాత నా వైపు తిరిగి, ఆ కాగితానికి జిరాక్సు ఒకటి ఇప్పించమంది.

తర్వాతి మంగళవారం మొగిలివలసలో కృతజ్ఞతా సభ పెట్టారు. యుగంధర్ గారు పూలరథం మీద ఊరేగి వేదిక ఎక్కుతారు. తవిటమ్మ ఆయనకు మాగిన అరటిపళ్ళ గెల సమర్పిస్తుంది. ఫొటో ఢిల్లీ వెళుతుంది. నాకూ వేదిక మీద కుర్చీ ఉందని కబురు వచ్చింది.

సోమవారం సాయంత్రం కూర కోసం చీపురుపల్లి మార్కెట్‌కు వెళ్ళాను. ఒక్కడినే కాబట్టి రెండు అరటికాయలు తెచ్చుకుంటే రెండు పూటలు గడిచిపోతుంది. ఎక్కడా లేవు. నాకు రోజూ కూరలమ్మే నారాయణమ్మ, పొద్దున్నే మొగిలివలస ఆడవాళ్ళొచ్చి గెలలు గెలలుగా ఎత్తుకుపోయారంది. ఏటో మొక్కంట, అంది. వంకాయలు తెచ్చుకున్నాను.

మంగళవారం పొద్దున పది గంటలకు మంత్రిగారు, అనూరాధ గారు, త్రినాథ్ గారు, నేను వేదిక మీద ఉన్నాం. రోడ్డుకి రెండు వైపులా ఊరంతా నిలబడింది. ముందు వరసల్లో ఆడవాళ్ళు. ఒక్కొక్కరి ఎడమచేతిలో జిరాక్సు కాగితం, కుడిచేతిలో పసుపు పూసి బొట్టు పెట్టిన అరటికాయల అత్తం. పచ్చివి. ఎవరూ నినాదాలు చేయలేదు. త్రినాథ్ గారు ఒక కాగితం తీసుకుని చదివి, తిరిగి ఇచ్చేసి, టోపీ సర్దుకున్నారు.

మంత్రిగారికి కళ్ళు చెమర్చాయి. ఇంత భక్తి తన పాతికేళ్ళ ప్రజాజీవితంలో చూడలేదని మైకులో చెప్పారు.

యుగంధర్ గారు వేదిక ఎక్కారు. కనుబొమ మీద చిన్న పట్టీ. జనాన్ని చూసి చేతులు జోడించారు. తర్వాత పెదవులు కదపకుండా అనూరాధ గారిని హెల్మెట్ అడిగారు.

"బాగుండదు సార్. మీరు అమ్మవారు," అన్నారావిడ, అంతే మెల్లగా.

తవిటమ్మను మైకు ముందుకు తీసుకొచ్చారు. 'యుగంధర్ గారిలో అమ్మవారిని చూశాను' అని చెప్పాలని నేర్పారట. ఆవిడ చేతిలోని మాగిన గెలను మంత్రిగారి ఒడిలో పెట్టి, తినండి బాబూ అంది. తర్వాత మైకు పట్టుకుని వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"మాస్టారూ, మొక్కు సెల్లించీటప్పుడు ఎవుల పేరునో సెప్పాల కదా?"

అందరూ నా వైపు చూశారు. నేను నిపుణుణ్ణి.

"చెప్పాలి," అన్నాను. "ఏ కష్టంలో మొక్కారో అది కూడా."

తవిటమ్మ జనం వైపు తిరిగింది.

"దాలయ్య పేరున. రెండో కొలిమి కాడ పని సేస్తూ కాలిపోనాడు. మా ఆయన పేరున."

"దాలయ్య పేరున," అన్నారు ఊళ్ళోవాళ్ళంతా, పండగనాడు అన్నట్టే. మంత్రిగారు జనం ఏదంటే అది అందుకోవడం అలవాటైన మనిషి. ఒడిలో గెలతో సహా లేచి, చెయ్యి పైకెత్తి, మైకులో అందరికన్నా గట్టిగా అన్నారు.

"దాలయ్య పేరున."

నాలుగు కెమెరాలు నడుస్తున్నాయి.

నా పంచె అంచు ఎవరో లాగారు. వేదిక కింద గున్నమ్మ. చేతిలో ఆరు కాయల అత్తం. శుక్లాలు కమ్మిన కళ్ళు ఎటో చూస్తున్నాయి.

"నాకు సూపు ఆనదు నాయినా. ఆ తల్లి ఏపునుందో కాస్త సూపించు."

ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాను. చూస్తున్నారు. ముసలావిడ మణికట్టు పట్టుకుని, కొద్దిగా ఎడమకు తిప్పాను.